తిప్పి పంపిన నీళ్ళ లారీ

ఉగాది మరునాడు, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా పేటలోకి మొట్టమొదటిసారిగా నీళ్ళ లారీ వచ్చింది. వేళ ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. గోడకు అవతల ఉన్న ఖనిజం యార్డులో సైరను సరిగ్గా ఆరింటికి మోగేది. ఆ మోత ఆగాక మా నాన్న సింహాచలం రాగులతో కాచిన చోడి అంబలి తాగి, గిన్నె బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకొని గడప దాటడానికి పది నిమిషాలు పట్టేది. ఆ రోజు ఆయన ఒక కాలు గడప బయట పెట్టేసరికి లారీ హారను వినిపించింది. పక్కింటి ఎర్రయ్యమ్మ జుట్టు ముడి వేసుకోకుండానే వీధిలోకి వచ్చి, "ఓలమ్మో, వచ్చీసిందే! నరసమ్మా, నీ లారీ వచ్చీసిందే!" అని అరిచింది. మా అమ్మ అప్పలనరసమ్మ మాత్రం పరుగెత్తలేదు. రెండు బిందెలు తీసి ఒకటి నా చేతికిచ్చి, రెండోది తన నడుముకు ఎత్తుకొని, పెళ్ళికి వెళుతున్నట్టు నెమ్మదిగా నడిచింది.

ఈ సంగతి ఇప్పుడు రాయవలసి రావడానికి కారణం, మొన్న అమ్మ పన్నెండో రోజు భోజనాల దగ్గర జరిగిన చిన్న మాట. ఎర్రయ్యమ్మకు చూపు తగ్గింది గాని గొంతు తగ్గలేదు. ఆవిడ విస్తరి ముందు కూర్చొని, మా ఇళ్ళ పిల్లలందరికీ వినబడేటట్టు, "మీ తాతమ్మంటే ఎవులనుకున్నారు? ఎండల్లో నాలిక పిడసకట్టుకుపోతంటే, వచ్చిన నీల్ల లారీని తిప్పి పంపీసిన మడిసి" అన్నది. పిల్లలు విరగబడి నవ్వారు. నాకు కోపం రాలేదు. సగమే చెబితే అది నిజంగా నవ్వు పుట్టించే కథే. మిగిలిన సగం తెలిసినవారు ఇప్పుడు బహు కొద్దిమంది. వారిలో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. మా ఇంట డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని కావడం వల్ల నాకు దక్కిన గౌరవాలు కొన్ని ఉన్నాయి. వాటితోపాటు ఇటువంటి బాధ్యతలు కూడా నా మీదనే పడ్డాయి.

మేము రాయి వెంట వచ్చిన మనుషులం. మా తాతలు చీపురుపల్లి అవతల మేంగనీసు క్వారీలలో రాయి కొట్టారు. నేల లోపలి నుంచి నల్లరాయిని తవ్వి, సుత్తితో పగలగొట్టి, మట్టి వేరు చేసి తట్టలకెత్తడం వారి వృత్తి. క్వారీ పని సన్నగిల్లినప్పుడు ఆ రాయి ఏ రైలెక్కి వెళుతున్నదో ఆ రైలు పోయే దిక్కుకే మా వాళ్ళూ బయలుదేరారు. రాయి విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక కంపెనీ యార్డులో కుప్పలుగా పడి ఓడ కోసం ఎదురుచూసేది. మా వాళ్ళు ఆ యార్డు గోడకు ఆనుకొని తాటాకు ఇళ్ళు వేసుకొని పని కోసం ఎదురుచూసేవారు. మగవాళ్ళు కుప్పలు తవ్వి లారీలకు ఎత్తేవారు. ఆడవాళ్ళు రాయి ఏరేవారు. ఊరు మారింది గాని చేతిలో సుత్తి మారలేదని నాన్న అనేవాడు.

ఆ దుమ్ము గురించి తెలియనివారికి చెప్పడం కష్టం. మసి వంటిది కాదు, ఇసుక వంటిదీ కాదు. కాటుక వలె మెత్తగా ఉండి, వేలితో రాస్తే వెండిలాగా మెరిసేది. మా ఇంటికి కిటికీ లేదు. గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ ఉండేది. దుమ్ముకు ఆ ఖాళీ చాలు. అమ్మ పొద్దున గుమ్మంలో వేసిన ముగ్గు మధ్యాహ్నానికి నల్లబడేది. అన్నం వార్చగానే కుండ మీద తడిగుడ్డ, ఆ గుడ్డ మీద పళ్ళెం, పళ్ళెం మీద రాయి పెట్టేది. బట్టలు ఇంట్లోనే దండెం మీద ఆరేసేది. ఉప్పుచేప కాల్చిన వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, తడిబట్టల వాసన కలిసి ఒకే వాసనగా ఉండేవి. నేటికీ నాకు ఇల్లు అంటే ఆ వాసనే. పని నుంచి రాగానే నాన్న చిన్న బెల్లంముక్క నోట్లో వేసుకొని, చెంబెడు నీళ్ళు తాగేవాడు. గొంతులో పట్టిన దుమ్మును బెల్లం కడుపులోకి దింపేస్తుందని క్వారీ నాటి నుంచి మా వారి నమ్మకం. కడుపులోకి దిగింది సరే, ఊపిరిలోకి దిగిన దాని మాట ఏమిటని ఎవరూ అడగలేదు. నాన్న దగ్గితే, "బెల్లం తక్కువైనాదేటో" అనేది అమ్మ.

నా చెల్లెలు పైడితల్లికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటి నుంచి దానికి ఆయాసం. పడుకుంటే పిల్లికూతలు వినిపించేవి. పరుగెత్తే ఆటలు దానికి లేవు. గచ్చకాయలు ఆడుకొనేది, అందులో దాన్ని ఓడించినవాళ్ళు పేటలో లేరు. అమ్మ దాన్ని మంచం తలవైపు ఎత్తుగా ఇటుకలు పెట్టి, కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టేది. చలికాలం కన్నా ఎండాకాలం దానికి కష్టం, ఎందుకంటే ఎండాకాలంలో పడమటి గాలి వీస్తుంది, యార్డు మాకు పడమట ఉంది.

ఆ ఏడు నీళ్ళకు ఊరంతా కటకటలాడింది. మా పేటకు ఉన్నది ఒక్క నుయ్యి. సముద్రం దగ్గర కావడం వల్ల ఆ నీరు గిన్నెలు తోముకోవడానికే గాని గొంతులోకి దిగేది కాదు. రోడ్డు దాటి, రైలుపట్టాలు దాటి వెళితే జంక్షను దగ్గర వీధికుళాయి. అది తెల్లవారుజామున కాసేపు వచ్చేది, ఆ కాసేపూ జుట్లు పట్టుకోవడాలు. ఇటువంటి రోజులలో, మా కళ్ళ ఎదుటనే, ఉదయం సాయంత్రం నీళ్ళ లారీ ఒకటి యార్డు గేటులోకి వెళ్ళేది. మంచినీళ్ళు. గోడ మీదుగా చూస్తే గొట్టంతో ఆ నీళ్ళను రాళ్ళ కుప్పల మీద కొడుతున్నారు. ఎందుకు కొడుతున్నారో మా పేటలో అందరికీ తెలుసునని అందరూ అనుకొనేవారు.

"బరువుకి," అనేవాడు నాన్న. "ఓడకెక్కించినప్పుడు తూకం ఏత్తారు గదా. తడి రాయి బరువు తూగుద్ది. యాపారం."

"మా ఊల్లో పత్తి తడిపీవోలు, ఈలు రాయినే తడిపీత్తన్నారు" అనేది ఎర్రయ్యమ్మ. "రేపు మనల్ని కూడా తడిపి తూస్తారు బావా, జాగర్త!"

పుట్టినప్పటి నుంచి తూకం దగ్గర మోసపోయినవారికి తూకం తప్ప మరొక కారణం తట్టకపోవడంలో వింత లేదు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో రసాయనశాస్త్రం చదువుతూ ఉన్నాను. నేనూ అదే నమ్మాను.

ఉగాదికి వారం ముందు, అమ్మ పేటలోని ఆడవాళ్ళను కూడదీసి, ఖాళీ బిందెలతో యార్డు గేటు ముందు కూర్చుంది. లోపలి లారీలు లోపల, బయటి లారీలు బయట నిలిచిపోయాయి. యార్డులో ఏఈ గారు, అంటే అసిస్టెంటు ఇంజనీరు, కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన యువకుడు. చొక్కా మడతలు చెదరకుండా గేటు దగ్గరకు వచ్చి, "ఏందమ్మా ఇది? లేవండి, ఓడ ఆగిపోద్ది" అన్నాడు.

"ఆగనీ బాబూ," అన్నది అమ్మ. "రాల్లకి దాహమేత్తన్నాదేటి? రాల్లకి మంచినీల్లు, మడుసులకి ఉప్పునీల్లా?"

"అది వేరే సంగతండీ. ఆ నీళ్ళు చల్లటానికి..."

ఆయన మాట పూర్తి కాలేదు. ఎర్రయ్యమ్మ బిందెను నేల మీద మోగించి, "తూకానికి గదా! మాకెరిక నేదేటి?" అన్నది. ఆడవాళ్ళందరూ బిందెలు మోగించారు. ఆ మోతలో ఆయన ఏమి చెప్పాడో ఎవరూ వినలేదు. ఎండ నెత్తికెక్కే వేళకు, పైవాళ్ళతో మాట్లాడి నీళ్ళు పంపిస్తామని ఒప్పుకొన్నాడు. నేను ఆ రోజు అమ్మ పక్కనే కూర్చున్నాను. అధికారి ఒకరు మా మాటకు ఒప్పుకోవడం మేము అంతకు ముందు చూడలేదు.

అట్లా వచ్చింది ఆ లారీ. పేటలో కొన్నాళ్ళు నిత్యమూ పండుగే. ఆడవాళ్ళు తలంటు పోసుకున్నారు. అమ్మ పేరు జంక్షను దాకా వెళ్ళింది, కొట్టు దగ్గర కొత్తవాళ్ళు సైతం, "నీల్లు తెచ్చిన నరసమ్మ మీరేనేటి?" అని అడిగేవారు. అమ్మ నవ్వేది కాదు గాని, నడకలో తేడా వచ్చింది. ఒక మనిషి తన జీవితంలో మొదటిసారి గెలిస్తే వీపు నిటారుగా అవుతుందని నాకు అప్పుడు తెలిసింది.

తరువాత పడమటి గాలి మొదలైంది. ప్రతి ఏడూ వచ్చే గాలే. కాని ఆ ఏడు అది తెచ్చిన దుమ్ము వేరు. పట్టపగలు గోడ అవతల నల్లటి తెర లేచి, నిలబడి, మా కప్పుల మీదకు వంగేది. కుండ మీద గుడ్డ, పళ్ళెం, రాయి ఉన్నా అన్నంలో కరకర తగిలేది. పిల్లలు ఉమ్మితే నల్లగా పడేది. ఒక మధ్యాహ్నం గచ్చకాయలు ఎగరేసిన పైడితల్లి వాటిని పట్టుకోలేదు. కాయలు నేల మీద పడ్డాయి. అది రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని, నోరు తెరిచి, చేప ఒడ్డున కొట్టుకొన్నట్టు కొట్టుకొంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అమ్మ దాన్ని భుజాన వేసుకొని, నన్ను వెంటబెట్టుకొని రిక్షా ఎక్కింది. పెద్దాసుపత్రిలో సూది వేసి, గొట్టం పెట్టి, సాయంత్రానికి ఊపిరి నిలబెట్టారు. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్లను దుమ్ముకు దూరంగా ఉంచండి, మళ్ళీ ఇంత గట్టిగా వస్తే చెప్పలేము అన్నారు. ఆ మాటను నేను అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "దూరంగా అంటే ఎక్కడికే?" అన్నది అమ్మ. కూలి ఎక్కడో ఇల్లూ అక్కడే.

మరునాడు సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి, బెల్లం నోట్లో వేసుకోకుండా, గడప మీద కూలబడ్డాడు. కళ్ళ చుట్టూ తప్ప ముఖమంతా నలుపు. "ఇంత దుమ్ము నానెప్పుడూ సూడనేదే. పార ఏత్తే మబ్బు లేత్తంది. పక్కోడు కనపడ్డం నేదు" అన్నాడు.

"ఎందుకు ఈయేడే ఇలగ?" అన్నది అమ్మ.

"కుప్ప ఎండిపోనాది గదా. నీల్లు కొట్టడం నేదు."

"ఎందుకు కొట్టడం నేదు?"

"ఏ నీల్లే? ఉన్నది ఒక్క లారీ. అది రెండు పూటలా మనింటికొత్తంది గదా!"

ఆ మాట అన్నాక నాన్న కూడా తల ఎత్తి అమ్మ వైపు చూశాడు. ముంగిట్లో దుమ్ము లేవకుండా పొద్దున్నే కళ్ళాపి చల్లే మనిషి మా అమ్మ. ఆ పని ఎందుకు చేస్తున్నామని ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. కొండంత కుప్ప మీద చల్లే నీళ్ళు కూడా కళ్ళాపియేనని, తూకం తప్ప మరేదీ కనిపించని మా కళ్ళకు కనిపించలేదు. అమ్మ లేచి, పైడితల్లి వీపు మీద చెవి ఆనించి విన్నది. విని, చెంగు దోపుకొని, ఎర్రయ్యమ్మ ఇంటికి బయలుదేరింది.

ఆడవాళ్ళందరూ మా ముంగిట్లో చేరారు. అమ్మ లారీని వెనక్కి పంపుదామన్నది. మొదట ఎవరూ నమ్మలేదు; తరువాత ఎవరూ ఒప్పుకోలేదు.

"ఏటే నరసమ్మా, ఎండ దెబ్బ గాని తగిలినాదేటి?" అన్నది ఎర్రయ్యమ్మ. "ఊరంతా నవ్వుతాది. మొన్న బిందెలు మోగించి, ఈయేల నీల్లొద్దంతామా? ఆ ఏఈ బాబు ముందర ముకం ఎక్కడెట్టుకుంతావు?"

"ముకం ఉన్నకాడే ఎట్టుకుంతాను."

వెనక నుంచి ఒకామె, "నీ గుంటకి ఆయాసమైతే మా కుండలు ఎండగట్టీమంతావా?" అన్నది. అది అనకూడని మాట గాని, అబద్ధపు మాట కాదు. అమ్మకు కోపం వస్తుందనుకొన్నాను. అమ్మ ఆ మనిషి దగ్గరకు వెళ్ళి, ఆమె చంకలోని పసిబిడ్డను చూపించి, "నాను సెప్పింది ఇనకు. నీ గుంటడి ఈపుకి సెవి ఆనించి ఆడు సెప్పింది ఇను. తరవాత నువ్వేటంటే అదే" అన్నది.

ఆమె విసుగ్గానే బిడ్డను తిప్పి చెవి ఆనించింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. విసుగు ముందు పోయింది. తరువాత ఇంకేదో వచ్చింది. అక్కడ ఉన్న తల్లులు ఒక్కొక్కరే తమ పిల్లలను దగ్గరకు లాక్కొని వీపులకు చెవులు ఆనించారు. ఎర్రయ్యమ్మ తన మనవడి వీపు మీద చెవి పెట్టి, లేచి, "కప్పలు కూసినట్టున్నాదే" అని మెల్లిగా అన్నది. ఆవిడ అంత మెల్లిగా మాట్లాడడం నేను మరెప్పుడూ వినలేదు.

మరునాడు ఉదయం లారీ వచ్చేసరికి అమ్మ పేట మొదట్లో, దారికి అడ్డంగా, వట్టి చేతులతో నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టి, "తప్పుకో అప్పా, గొట్టం విప్పాలి" అన్నాడు.

"విప్పకు. తిప్పు. యార్డుకి తోలు."

"ఏటీ?"

"నీల్లు మాకొద్దు. రాల్లకెయ్యి."

డ్రైవరు ఇంజను ఆపి, బీడీ వెలిగించి, మా అందరి ముఖాలూ చూసి, "ఉగాది పచ్చడి ఇంకా దిగనట్టున్నాది ఈలకి" అన్నాడు. అయినా లారీని తిప్పాడు. మేమందరమూ ఆ లారీ వెనుకనే గేటు దాకా నడిచాము. ఏఈ గారు మళ్ళీ బిందెల మోత అనుకొన్నాడేమో, ఈసారి గేటుకు లోపలే నిలబడ్డాడు. అమ్మ సంగతి చెప్పింది. ఆయన ఆశ్చర్యపడి, "నేను ఆ రోజు ఇదే చెప్పబోయానమ్మా. దుమ్ము లేవకుండానే కొట్టేది. మీరు విననిస్తేగా!" అన్నాడు.

"విననేదు బాబూ. ఇప్పుడింటన్నాం. ఇంకో లారీ ఎట్టించగలవా?"

"ఎట్టా కుదురుద్దమ్మా? అడిగా. ఇవ్వరు. నాకున్నది ఇదొక్కటే."

"అయితే ఆ ఒక్కటీ కుప్పకే కొట్టు. పొద్దున కొట్టు, సందేల కొట్టు. నువ్వు కొట్టించిన్నాడు మేం గేటుకాడికి రాం. కొట్టించకపోతే మాత్తరం బిందెలు అక్కర్నేదు, గుంటల్ని తెచ్చి కూకోబెడతాం. ఆల దగ్గు ఇను."

ఆయన తల ఊపాడు. భయపడి ఊపాడని నేను అనుకోను. తరువాత అమ్మ నా వైపు తిరిగి, "బిందెలు తే" అన్నది. ఆ రోజు నుంచి వానలు పడేదాకా, మా పేట ఆడవాళ్ళందరూ రైలుపట్టాలు దాటి జంక్షను కుళాయికి నడిచారు. నేను కాలేజీకి వెళ్ళే ముందు రెండు బిందెలు తెచ్చి, తడిసిన పావడాతోనే తరగతిలో కూర్చొనేదాన్ని. దారిలో అమ్మను చూసి నవ్వినవాళ్ళు ఉన్నారు. "నీల్లు తెచ్చిన నరసమ్మ" పోయి "నీల్లు పోగొట్టిన నరసమ్మ" అయింది. అమ్మ వారి వైపు చూడకుండా నడిచేది. నెత్తి మీద నిండుబిందె ఉన్నప్పుడు తల తిప్పితే నీళ్ళు ఒలుకుతాయి.

ఇప్పుడు నేను గాజువాక దగ్గర ఒక అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. పొద్దున్నే బాల్కనీ కమ్మీ తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. మా మనవడు ఫోను తీసి, ఈ రోజు గాలి ఎంత చెడ్డదో అంకెతో సహా చెబుతాడు. ఆ అంకె చూసి మేము కిటికీ మూస్తాము. మూయడానికి కిటికీ ఉన్నవాళ్ళకు, లేనివాళ్ళ దుమ్ము కనబడడం మానేస్తుంది. మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో నల్లబడిన గుడ్డల ఫొటోలు పెడతారు, కింద కోపం బొమ్మలు పెడతారు. ఒకరి బిడ్డ వీపు మీద మరొకరు చెవి ఆనించిన సందర్భం ఇక్కడ నేను చూడలేదు. ఆ రోజుల పేదరికాన్ని నేను పొగడను. తాటాకు ఇంటికి తిరిగి పొమ్మంటే పోను. కాని ఎవరి ఇంటి గాలీ విడిగా ఉండదనే సంగతి, అంకెలు తెలియని ఆ ముంగిట్లో తేలినంత తేటగా నాకు మరెక్కడా తేలలేదు. వచ్చే ఆదివారం మా బిల్డింగు వాళ్ళనూ, వెనక బస్తీ వాళ్ళనూ ఒకేచోట కూర్చోమని అడిగాను. నలుగురు వస్తామన్నారు. నలుగురితో మొదలుపెడతాను.

ఆ వేసవి తరువాత మారినవి ఇవి. యార్డులో రోజూ రెండు పూటలా నీళ్ళు కొట్టడం ఆగలేదు. ఆ ఏఈ గారు బదిలీ అయ్యాక కూడా ఆగలేదు. మా పేటలోకి కుళాయి రావడానికి ఇంకా కొన్ని వేసవులు పట్టాయి. నాన్న దగ్గు తగ్గలేదు. పని మానేశాక కూడా తగ్గలేదు, దానితోనే పోయాడు. పైడితల్లి బతికింది. భీమిలిలో కాపురం పెట్టింది, మెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆగి ఊపిరి తీసుకొంటుంది. అమ్మ ఆ తరువాత రేషను కోసం, వీధిదీపాల కోసం, బడి కోసం ఎన్నో గేట్ల ముందు కూర్చున్నది. ఎక్కడ కూర్చున్నా, అధికారి సరేనన్న తరువాత లేచేది కాదు. "ఇది మాకిత్తే ఎక్కడ తక్కువౌద్ది బాబూ?" అని అడిగి, జవాబు విని, అప్పుడు లేచేది.